పికప్ బండికి పికప్ లేదంట!

మా బావ ఫోన్ చేసి అన్న మొదటి మాట ఇదే. "ఒరేయ్, పికప్ బండికి పికప్ లేదురా." నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఎస్.కోట నుంచి అరకు పైకి కిరాణా సరుకు, సిమెంటు వేసుకెళ్ళి, కిందకి వచ్చేటప్పుడు అల్లం, కూరగాయలు, ఏది దొరికితే అది వేసుకొచ్చే బండి అది. అనంతగిరి ఘాట్‌లో సెకండ్ గేరు దాటట్లేదంట, వెనకాల వచ్చే టూరిస్టు కార్లవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి చంపేస్తున్నారంట, పైగా మైలేజ్ 12, 13 వచ్చేది కాస్తా తొమ్మిదిన్నరకి పడిపోయింది. విశాఖలో ఒక ట్యూనింగ్ షాపువాడు "ఈసీఎం రీమ్యాప్ చేస్తాం, 20 హార్స్‌పవర్ పెరుగుద్ది, మైలేజ్ కూడా పెరుగుద్ది" అన్నాడట. ఈసీఎం అంటే ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్, రీమ్యాప్ అంటే అందులో కంపెనీ పెట్టిన సెట్టింగులు మార్చడం. చేయించేయనా అని నన్ను అడగడానికి ఫోన్.

నేనేమీ మెకానిక్‌ని కాను. ఎప్పుడో మెకానికల్ డిప్లొమా చదివి, ఇప్పుడు ఏసీ గదిలో ఎక్సెల్ షీట్లు నింపుకునే రకం. అయినా చుట్టాల్లో బండ్ల గురించి అడగాలంటే నేనే దిక్కు. నెలన్నర పాటు శని ఆదివారాలు ఈ బండి వెనకాలే తిరిగాను, అందుకే ఈ పోస్టు కాస్త పొడుగు. బండి ఏ కంపెనీదో అనవసరం. రెండున్నర లీటర్ల టర్బో డీజిల్, కాగితాల మీద 75 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం), బీఎస్4 (పాత పొగ నిబంధనల) మోడల్, బావ చేతికి సెకండ్ హ్యాండ్‌లో వచ్చింది.

"పవర్ పెరుగుద్ది, మైలేజూ పెరుగుద్ది" అనే మాట ముందు చూద్దాం. వింటే మోసంలా ఉంటుంది గానీ పూర్తిగా అబద్ధం కాదు. పవర్ ఊరికే రాదు, డీజిల్ మండితేనే వస్తుంది. ఒక లీటరు డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. అందులో మంచి డీజిల్ ఇంజన్ చక్రాల వైపు పంపేది మూడో వంతు, మహా అయితే కాస్త ఎక్కువ. మిగతాదంతా రేడియేటర్లోంచి, సైలెన్సర్లోంచి వేడిగా పోతుంది. కాబట్టి పవర్ పెంచడానికి ఉన్నవి రెండే దారులు. ఎక్కువ డీజిల్ కాల్చడం ఒకటి. కాలుతున్న డీజిల్లో వృథా అయ్యేదాన్ని తగ్గించడం రెండోది. మొదటి దారిలో మైలేజ్ పోతుంది, రెండో దారిలో రెండూ వస్తాయి. షాపువాడు మొదటి దారిని అమ్ముతూ రెండో దారి గురించి చెప్తున్నాడు, అదీ విషయం.

బావకి అర్థం కావాలని ఒక లెక్క వేసి చూపించాను, నాకే ఆశ్చర్యం వేసింది. బండి, లోడు కలిపి మూడు టన్నులు అనుకుందాం. ఎస్.కోట దాదాపు మైదానం, గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర సముద్ర మట్టానికి 4,000 అడుగుల పైన ఉంటాం, అంటే ఎంత తక్కువ వేసుకున్నా 1,200 మీటర్లు పైకి ఎక్కాలి. మూడు టన్నుల్ని 1,200 మీటర్లు పైకి ఎత్తడానికి కావాల్సిన శక్తి సుమారు 35 మెగాజౌళ్ళు. అంటే సరిగ్గా ఒక లీటరు డీజిల్లో ఉన్నంత! కానీ ఇంజన్ మూడో వంతే ఇస్తుంది కాబట్టి మూడు లీటర్లు. టైర్లు దొర్లడానికి, గాలిని తోసుకుపోవడానికి అయ్యేది కాక, ఆ కొండ ఎక్కినందుకే కట్టాల్సిన కప్పం మూడు లీటర్లన్నమాట. ఏ చిప్పు పెట్టినా, ఏ అయస్కాంతం కట్టినా ఈ మూడు లీటర్లలో పైసా తగ్గదు. వేగంగా ఎక్కినా అంతే, నెమ్మదిగా ఎక్కినా అంతే.

ఇప్పుడు పవర్ సంగతి. నూటికి ఆరు మీటర్లు లేచే రోడ్డు మీద గంటకి 30 కిలోమీటర్ల వేగంతో ఈ మూడు టన్నులు లాగాలంటే ఇంజన్ దగ్గర 27 హార్స్‌పవర్ చాలు. 50 వేగంతో వెళ్ళాలన్నా 50 దరిదాపుల్లో సరిపోతుంది. బండికి ఉన్నది 75. మరి సెకండ్ గేర్లో ఎందుకు ఏడుస్తోంది? 75లో 20 పెంచడం గురించి మాట్లాడుకుంటున్నాం గానీ, అసలా 75 ఉందా అని ఎవరూ అడగలేదు.

ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి. ఈ లెక్కలన్నీ వేయకముందే, ఫోన్ పెట్టేసిన రాత్రే, ఆన్‌లైన్లో ఓబీడీ పోర్టుకి (మెకానిక్‌లు స్కానింగ్ మెషిన్ తగిలించే చోటు) గుచ్చే చిన్న డబ్బా ఒకటి ఆర్డర్ పెట్టాను. "పవర్ ప్లస్ ఎకానమీ" అని రాసుంది, ఏడొందల చిల్లర. గుచ్చితే లైట్లు రంగురంగులుగా వెలిగాయి. బావ ఒక ట్రిప్పు వెళ్ళొచ్చి "కొంచెం తేడా తెలుస్తోందిరా" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. తర్వాత స్క్రూడ్రైవర్‌తో విప్పి చూస్తే లోపల మూడు ఎల్ఈడీ బల్బులు, వాటిని మెరిపించే చిన్న చిప్పు, కరెంటు తీసుకునే పిన్నులు. ఈసీఎంతో మాట్లాడాల్సిన పిన్నులకి అసలు వైరే లేదు. డీజిల్ పైపుకి కట్టే అయస్కాంతాలదీ ఇదే కథ. అమెరికాలో ఈపీఏ అనే ప్రభుత్వ పర్యావరణ సంస్థ వందకి పైగా ఇలాంటి ఇంధనం మిగిల్చే పరికరాల్ని పరీక్షించి, దాదాపు దేనివల్లా చెప్పుకోదగ్గ లాభం లేదని తేల్చింది. హైడ్రోజన్ కిట్లు అని ఇంకో రకం ఉంది, బ్యాటరీ కరెంటుతో నీళ్ళని విడగొట్టి ఇంజన్‌కి పంపేది. ఆ కరెంటు ఆల్టర్నేటర్ నుంచి, ఆల్టర్నేటర్ తిరగడం ఇంజన్ నుంచి, ఇంజన్ తిరగడం డీజిల్ నుంచి. మన జేబులోంచి తీసి మనకే అప్పిచ్చినట్టు.

సరే, అసలు బండి దగ్గరికి వద్దాం. కొత్తవలసలో ఒక పెద్దాయన ఉన్నాడు, ముప్పై ఏళ్ళుగా డీజిల్ బండ్ల పనే. పేరు రాయొద్దన్నాడు, రాయను. ఆయన బానెట్ ఎత్తకముందే "పొగ ఏ రంగు?" అని అడిగాడు. నల్లగా, ఎక్సలేటర్ తొక్కినప్పుడల్లా గుప్పున వస్తోందని చెప్పాం. "మరింకేం, డీజిల్ పడుతోంది, గాలి అందట్లేదు" అన్నాడు. నాకు డిప్లొమాలో మూడేళ్ళు చెప్పినా ఎక్కని సంగతి ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. నల్ల పొగ అంటే సగం మండిన డీజిల్. అంటే డబ్బు పెట్టి కొన్న పవర్, వాడుకోకుండా గాల్లోకి వదిలేస్తున్నాం. దానికి గాలి అందిస్తే అదే డీజిల్‌కి ఎక్కువ పవర్ వస్తుంది.

టర్బో పని కూడా అంతేగా. బయటికి పోయే వేడి పొగతో చిన్న చక్రం తిప్పి, ఆ చక్రంతో లోపలికి గాలిని కుక్కడం. 1905లోనే స్విట్జర్లాండ్‌కి చెందిన ఆల్ఫ్రెడ్ బూచీ అనే ఇంజనీరు దీనికి పేటెంట్ తీసుకున్నాడు. వృథాగా పోయే వేడిలోంచే పవర్ రాబట్టే ఏర్పాటు, అందుకే పవర్, మైలేజ్ రెండూ ఒకేసారి పెరిగే అరుదైన సంగతుల్లో ఇదొకటి. ఘాట్లో ఇంకో లాభం కూడా ఉంది. వెయ్యి మీటర్ల ఎత్తుకి పోతే గాలి పదో వంతు పలచబడుతుంది, టర్బో లేని ఇంజన్ అయితే ఆ మేరకి నీరసపడుతుంది, టర్బో ఉన్నది ఆ లోటు చాలావరకు పూడ్చేసుకుంటుంది. ఆ టర్బోనే సరిగ్గా ఊదకపోతే అరకు రోడ్డు మీద రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి.

పెద్దాయన చేసిన పరీక్ష చూడాల్సిందే. సర్ఫ్ నీళ్ళు ఒక సీసాలో కలిపి, టర్బో నుంచి ఇంజన్‌కి గాలి వెళ్ళే రబ్బరు హోస్ మీద కొట్టాడు, బావని రేస్ చేయమన్నాడు. హోస్ అడుగున, కంటికి కనపడని చోట, క్లిప్పు పక్కనే బుడగలు తెట్టెలుగా లేచాయి. చెయ్యి పెట్టి చూస్తే ఆయిల్ జిడ్డు. అరంగుళం చీలిక. ఇంజన్ ఐడిల్లో ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది, లోడు పడి గాలి ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే షెడ్డు ముందు నిలబెట్టి చూసినప్పుడు ఎవరికీ దొరకలేదు, రెండు చోట్ల స్కానింగ్ పెట్టించినా "కోడ్ ఏమీ లేదు" అన్నారు. ఘాట్లో ఉస్ మని చప్పుడు వస్తోందని బావ ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నాడట. "టర్బో అంటే అంతే అండి, ఈల వేస్తది" అని ఎవడో చెప్తే నమ్మేశాడు.

హోస్ మార్చాం. ఎయిర్ ఫిల్టర్ తీస్తే సిమెంటు బూడిద. దాన్ని పాత ఓనరు కంప్రెసర్ గాలితో కొట్టించి కొట్టించి వాడినట్టున్నాడు, వెలుతురుకి పెట్టి చూస్తే సన్న చిల్లులు. ఫిల్టర్ మూసుకుపోతే పవర్ పోతుంది, చిల్లు పడితే దుమ్ము పోయి ఇంజనే పోతుంది, కాబట్టి అయిదొందలకో ఆరొందలకో వచ్చేదాని దగ్గర పొదుపు పనికిరాదు. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్ళు వదిలే స్క్రూ విప్పితే టీ గ్లాసులో సగం నీళ్ళు. ఈజీఆర్ వాల్వు విప్పితే లోపల తారు పూసినట్టు మసి పేరుకుని సగం తెరుచుకుని బిగిసిపోయి ఉంది. ఈ వాల్వు పని కాలిన పొగలో కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపి కాలుష్యం తగ్గించడం. లోడు మీద ఇది మూసుకోవాలి. మూసుకోకపోతే మంచి గాలి రావాల్సిన చోట పొగ వచ్చి కూర్చుంటుంది. "దీన్ని రేకు పెట్టి మూసేద్దాం, గొడవ వదిలిపోద్ది" అని అక్కడే ఉన్న కుర్రాడు సలహా ఇచ్చాడు. పెద్దాయన వద్దన్నాడు, నేనూ వద్దన్నాను. అది చట్టం ప్రకారం తప్పు, పైగా శుభ్రం చేస్తే సరిపోయేదాన్ని చంపేయడం దేనికి? ఆ పూటంతా కూర్చుని క్లీనింగ్ చేశారు.

ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళకి రిటర్న్ టెస్ట్ కూడా చేశాం, నాలుగింటికీ నాలుగు చిన్న సీసాలు తగిలించి ఏ నాజిల్ నుంచి ఎంత డీజిల్ వెనక్కి వస్తోందో కొలవడం. నాలుగూ దగ్గర దగ్గరగానే వచ్చాయి, బతికాం అనుకున్నాం, అవి పోయుంటే ఖర్చు వేరే లెవెల్.

అప్పటికి ఇంజన్ పని అయిపోయింది. నాకు మాత్రం ఇంజన్ నుంచి బయల్దేరిన పవర్ చక్రాలదాకా చేరుతోందా అనే అనుమానం ఉంది. వెనక చక్రాలు జాకీ ఎత్తి చేత్తో తిప్పితే ఒకటి తిరిగింది, ఒకటి తిరగనని మొరాయించింది. అంతకుముందు బ్రేకు షూలు మార్చినవాడు అడ్జస్ట్‌మెంట్ బిగించేసి వదిలేశాడు. అంటే కొండ ఎక్కేటప్పుడు కూడా ఆ చక్రం మీద సగం బ్రేకు తొక్కి నడుపుతున్నట్టే. ఇదెలా పట్టాలంటే, ఓ పది కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి, దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడటమే, తాకొద్దు, దగ్గర పెడితే చాలు. ఒక్కటి మాత్రం సెగ కొడుతుంటే అదే దొంగ.

ఇంకొకటి ఫ్యాను. ఈ బండ్లకి రేడియేటర్ ఫ్యాన్ మధ్యలో విస్కస్ కప్లింగ్ ఉంటుంది, వేడెక్కినప్పుడే గట్టిగా పట్టుకుని తిరగాలి, చల్లగా ఉన్నప్పుడు వదులుగా జారాలి. ఇది బిగుసుకుపోయి ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతోంది. బావ దాన్ని "మా బండి సౌండ్ లారీలా ఉంటది" అని గర్వంగా చెప్పుకునేవాడు! ఆ సౌండు కొన్ని హార్స్‌పవర్లు మింగేస్తోంది బావా అంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు.

టైర్ల సంగతి వింటే నవ్వొస్తుంది. బండికి కంపెనీ నుంచి వచ్చిన సైజు 215/75 ఆర్15. పాత ఓనరు "ఎత్తుగా, దర్జాగా ఉంటది" అని నాలుగూ 7.00 ఆర్15 వేయించాడు. చుట్టుకొలత సుమారు 6 శాతం పెరిగింది. పెద్ద చక్రం అంటే ప్రతి గేరూ 6 శాతం పెద్దదైనట్టు, అంటే లాగే బలం ఆ మేరకి తగ్గినట్టు. పైగా చక్రం ఒక చుట్టు తిరిగితే మీటర్ పాత లెక్కే వేసుకుంటుంది కాబట్టి బండి 106 కిలోమీటర్లు పోతే మీటర్లో 100 పడుతుంది. అంటే బావ చెప్పే తొమ్మిదిన్నర మైలేజ్ నిజానికి పది! బాధలో కొంత లెక్క తప్పే. టైర్లు ఇంకా బాగున్నాయి, పారేయలేం, అరిగాక అసలు సైజుకి వచ్చేద్దాం అనుకున్నాం. ఈలోపు మీటర్ అంకెని 1.06తో హెచ్చించి రాసుకోమన్నాను. గాలి మాత్రం వెనక టైర్లలో లోడుకి తగ్గట్టు, డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత పట్టించాం. గేజ్ పెడితే ఉండాల్సినదానికంటే బాగా తక్కువ ఉంది. టైరు మెత్తగా ఉంటే ప్రతి చుట్టులోనూ నలుగుతుంది, ఆ నలిగేది కూడా డీజిలే.

ఇక బరువు. ముందు ఇనుప బంపర్ గార్డు, వెనక ఇంకోటి, ట్రాలీ అడుగున మందపాటి రేకు, దానిమీద చెక్కలు, క్యాబిన్ మీద క్యారియర్, సీటు వెనక పాత స్పేర్లు, రెండు జాకీలు (ఒకటి పనిచేయదు). అన్నీ దింపి ధర్మకాంటా మీద చూస్తే 150 కిలోల పైనే తేడా. మూడు టన్నుల్లో 5 శాతం. ఇందాకటి కొండ లెక్కలో మూడు లీటర్లకి 5 శాతం అంటే ట్రిప్పుకి 150 మిల్లీలీటర్లు. ఒక ట్రిప్పుకి టీ ఖర్చు, నెలకి పాతిక ట్రిప్పులకి మూడున్నర లీటర్ల పైమాటే. పెద్ద కంపెనీలు చేసేదీ ఇదే కదా, ఫోర్డ్ వాళ్ళు 2015లో ఎఫ్-150 పికప్ బాడీని ఉక్కు నుంచి అల్యూమినియంకి మార్చి 700 పౌండ్ల దాకా, అంటే 300 కిలోల పైన, బరువు తగ్గించారు. మన దగ్గర అల్యూమినియం బాడీ లేదు గానీ పనిచేయని జాకీ దింపడానికి ఇంజనీర్ అక్కర్లేదు.

కంపెనీలు పవర్, మైలేజ్ రెండూ కలిపి ఎలా తెస్తాయో మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. వాళ్ళ వీ-క్రాస్ మొదట్లో 2.5 లీటర్ల ఇంజన్‌తో 134 హార్స్‌పవర్, 320 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. తర్వాత 2019లో 1.9 లీటర్ల ఇంజన్ వచ్చింది, చిన్నదై కూడా 150, 350. బీఎస్6లో అదే ఇంజన్ 163, 360కి చేరింది. ఇంజన్ చిన్నదైతే లోపల రాపిడి తగ్గుతుంది, బ్లేడ్లు కోణం మార్చుకునే టర్బో పెడితే తక్కువ వేగంలోనే గాలి అందుతుంది. ఇలాంటి మార్పులతోనే సాధిస్తారు. దాని వెనక ఏళ్ళ తరబడి టెస్టింగ్ ఉంటుంది, పిస్టన్ నుంచి క్లచ్ దాకా అన్నీ దానికి తగ్గట్టు మార్చి ఉంటాయి. రీమ్యాప్‌లో మారేది ఒక్క ఫైలు. పిస్టన్ అదే, క్లచ్ అదే, రేడియేటర్ అదే.

రీమ్యాప్‌ని పూర్తిగా తిట్టను. కంపెనీవాళ్ళు రకరకాల డీజిల్, ఎండ, ఎత్తు, పొగ నిబంధనలు, వారంటీ అన్నీ చూసుకుని కొంత జాగా వదిలి సెట్ చేస్తారు, మంచి ట్యూనర్ ఆ జాగాని వాడుకుంటాడు. తక్కువ వేగంలో టార్క్ పెరిగితే పై గేర్లో నడపొచ్చు, అలా నడిపితే కాస్త మైలేజ్ కూడా రావచ్చు. కానీ అలా నడిపేదెవరు? బావ ఫ్రెండ్ ఒకాయన చేయించాడు. మొదటి వారం సంబరం, ఘాట్లో కార్లని ఓవర్‌టేక్ చేస్తున్నాడని చెప్పుకున్నాం. ఓవర్‌టేక్ చేయడానికి వాడిన పవర్‌కి డీజిల్ ఎవరిస్తారు? నెలన్నరకి క్లచ్ జారడం మొదలైంది, మైలేజ్ అంతకుముందుకన్నా కిందకి పోయింది. చవక రకం ట్యూనింగ్ బాక్సులైతే ఇంకా దారుణం, డీజిల్ ఒత్తిడి కొలిచే రైల్ ప్రెషర్ సెన్సర్ దగ్గర కూర్చుని ఈసీఎంకి "ప్రెషర్ తక్కువగా ఉంది" అని అబద్ధం చెప్తాయి, అది నమ్మి పంపు ప్రెషర్ పెంచుతుంది, ఎక్కువ డీజిల్ పడుతుంది. లోపల వేడి ఎంత పెరిగిందో చెప్పే మీటర్ బండిలో ఉండదు. ఇంకో చిక్కు, మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా ఆర్‌సీలో ఉన్నవి మారేలా బండిని మార్చకూడదు. ట్రాన్స్‌పోర్ట్ బండి, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్ళాలి, పొల్యూషన్ టెస్ట్ ఉంటుంది, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్‌వాడు వెతికేదే ఇలాంటి సాకు. సొంత సరదా కారుకి ఎవరిష్టం వాళ్ళది, కూటికి ఆధారమైన బండికి మాత్రం నేను చెప్పలేను.

ఇంత చేశాక డ్రైవింగ్ సంగతికి వచ్చాం, ఇక్కడే బావతో నిజమైన గొడవ. కొండ దిగేటప్పుడు బావ న్యూట్రల్‌లో వదిలేస్తాడు. ఆ రోడ్డు మీద సగం మంది అంతే, "డీజిల్ మిగులుద్ది" అంటారు. పాత పంపు ఇంజన్ల రోజుల్లో ఏమో గానీ, ఈసీఎం లెక్క ప్రకారం డీజిల్ కొట్టే ఇప్పటి కామన్ రైల్ ఇంజన్‌లో ఇది తలకిందులు. గేర్లో ఉంచి ఎక్సలేటర్ మీద కాలు తీసేస్తే, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతున్నాయని ఈసీఎంకి తెలుస్తుంది, నాజిళ్ళు పూర్తిగా ఆపేస్తుంది. ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ పోస్తూనే ఉండాలి. అంటే మిగలడం కాదు, పోతోంది. పైగా అన్ని మలుపుల్లోనూ మూడు టన్నుల భారం ఒక్క బ్రేకుల మీదే. డ్రమ్ములు కాలి పెడల్ మెత్తబడి లోయలోకి పోయిన బండ్ల గురించి ఆ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. నమ్మకపోతే ఆయన ముందే ఫోన్‌కి నిజమైన ఓబీడీ రీడర్ కలిపి చూపించాను, గేర్లో దిగుతుంటే డీజిల్ అంకె సున్నా, న్యూట్రల్ వేయగానే లేచింది. అప్పుడు ఒప్పుకున్నాడు, అదీ "మీ అక్కకి చెప్పకు" అనే షరతు మీద.

ఎక్కేటప్పుడు ఆయన అలవాటు ఇంకోటి. సెకండ్ గేర్లో ఇంజన్ అరిచేదాకా తొక్కడం. ఈ ఇంజన్ బలమంతా 1,500 నుంచి 2,200 ఆర్‌పీఎం మధ్యలోనే ఉంది. అక్కడ డీజిల్‌కి వచ్చే పని కూడా ఎక్కువ. 3,000 దాటిస్తే చప్పుడు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, లాగుడు పెద్దగా పెరగదు. హోస్ చీలికతో ఉన్నప్పుడు థర్డ్ వేస్తే బండి చచ్చిపోయేది కాబట్టి అలా అలవాటు పడ్డాడు పాపం. ఇప్పుడు థర్డ్‌లో 2,000 దగ్గర పట్టి ఉంచమన్నాను. అలాగని మరీ 1,000కి పడేసి ఇంజన్‌ని గొణిగించడమూ తప్పే.

మైదానంలో మాత్రం 80 దగ్గర నడపడం మానిపించడం నావల్ల కాలేదు. 60 నుంచి 80కి పోతే గాలి అడ్డు దాదాపు 78 శాతం పెరుగుతుందని చెప్పాను, "పెరగనీ" అన్నాడు. టర్పాలిన్ రెపరెపలాడకుండా బిగించి కట్టడం వరకు ఒప్పించాను, అదే పదివేలు.

కొలత ఎలా చేశామో చెప్పాలి, లేకపోతే "తేడా తెలుస్తోందిరా" బాపతు అవుతుంది. ఒకే బంకులో, ఒకే నాజిల్ దగ్గర, ఆటో కట్ అయ్యేదాకా ఫుల్ ట్యాంక్, మళ్ళీ అక్కడే ఫుల్ ట్యాంక్, మధ్యలో తిరిగిన కిలోమీటర్లు. ఒక ట్యాంకుతో తేల్చకూడదు, మూడు ట్యాంకుల సగటు తీయాలి. పవర్ కొలిచే డైనో మెషిన్ ఎక్కడ తెస్తాం, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. పాతిక సిమెంటు బస్తాల లోడుతో కొండ అడుగున ఉన్న బొడ్డవర దాటిన చోట మొదలుపెట్టి గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆపడం, తెల్లవారుజామున ట్రాఫిక్ లేనప్పుడు. పనులు మొదలుపెట్టకముందు గంటా 35 నిమిషాలు. అన్నీ అయ్యాక గంటా 12. మైలేజ్ టైరు లెక్క సరిచేసుకుని పది నుంచి 12.6కి వచ్చింది. దేనివల్ల ఎంత వచ్చిందని అడిగితే విడదీసి చెప్పలేను, ఒక్క హోస్ మార్చిన మర్నాడు మాత్రం బావ ఘాట్లోంచే ఫోన్ చేసి "ఒరేయ్, థర్డ్‌లో పోతోందిరా!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. మొత్తం ఖర్చు, పెద్దాయన మజూరీతో కలిపి, ట్యూనింగ్ షాపువాడు అడిగినదాంట్లో సగం కూడా అవ్వలేదు. మార్చినవాటిలో ఫ్యాన్ కప్లింగ్ ధరే కాస్త బరువనిపించింది.

ఇది జరిగి రెండు నెలలు. మొన్న ఆదివారం మళ్ళీ ఫోన్. మైలేజ్ 11.8కి పడిపోయిందంట. మళ్ళీ హోస్ పోయిందేమోనని నాకు టెన్షన్. పొగ లేదన్నాడు, ఉస్ మనే చప్పుడూ లేదన్నాడు, టైర్లలో గాలి చూశానన్నాడు. ఎందుకో అనుమానం వచ్చి లోడెంత వేస్తున్నావ్ బావా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు.

"బండి బాగా లాగుతోంది కదరా, ఇంకో నాలుగు బస్తాలు ఎక్కిస్తున్నా."